‘బాయ్‌కాట్’ మాట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నిరసన తెలపడానికి ఇంగ్లిష్ నుంచి మనం తెచ్చుకున్న మాటలు చాలానే ఉన్నాయి. స్ట్రైక్, పికెటింగ్, వాకౌట్, మార్చ్... వాటిలో బాయ్‌కాట్ ఒక్కటే ఒక మనిషి ఇంటిపేరు. పోనీ ఆయన ఉద్యమకారుడా అంటే అదీ కాదు. ఎవరి మీద ఉద్యమం జరిగిందో ఆయన పేరే ఆ ఉద్యమానికి పేరైపోయింది. ఈ మాట ఎక్కడ పుట్టింది, తెలుగులో ఎందుకు స్థిరపడింది, మన పాత ‘వెలి’కి దీనికి ఏమిటి సంబంధం అని తరచూ వినిపించే ప్రశ్నలకు ఇవి జవాబులు.

బాయ్‌కాట్ అంటే సరిగ్గా ఏమిటి?

ఒక మనిషితోనో, కొట్టుతోనో, కంపెనీతోనో, ప్రభుత్వంతోనో మనకున్న లావాదేవీని పదిమందీ కలిసి, చెప్పి మరీ తెంచుకోవడం. కలిసి చేయడం, చెప్పి చేయడం రెండూ ఉండాలి. మీ వీధి చివర హోటల్లో ఇడ్లీ బాగాలేదని మీరు వెళ్లడం మానేస్తే అది బాయ్‌కాట్ కాదు, మీ ఇష్టం. అదే హోటల్లో ఫలానా కులం వాళ్లకు వేరే గ్లాసు పెడుతున్నారని తెలిసి, అది మానేదాకా అడుగుపెట్టం అని వీధంతా తీర్మానిస్తే అది బాయ్‌కాట్.

ఇందులో చేయి చేసుకోవడం ఉండదు, రాళ్లు వేయడం ఉండదు. ఉన్నదల్లా ‘చేయకపోవడం’. కొనకపోవడం, అమ్మకపోవడం, పలకరించకపోవడం, పనికి రాకపోవడం, వెళ్లకపోవడం.

అందులో ‘బాయ్’ ఎవరు? ‘కాట్’ ఏమిటి?

చిన్నప్పుడు నేను దీన్ని ‘బాయికాటు’ అని విని, పాము కాటులాంటిదేదో అనుకున్నాను. ఇంగ్లిష్‌లో చూసినా అబ్బాయికీ మంచానికీ దీనితో సంబంధం లేదు. ఇది చార్లెస్ కన్నింగ్‌హామ్ బాయ్‌కాట్ అనే ఇంగ్లిష్ ఆయన ఇంటిపేరు. 1832లో ఇంగ్లండ్‌లోని నార్‌ఫోక్‌లో బర్గ్ సెయింట్ పీటర్ అనే ఊళ్లో పుట్టాడు. ఆ కుటుంబం పేరు మొదట్లో ‘బాయ్‌క్యాట్’. ఆయన చిన్నతనంలోనే స్పెల్లింగ్ మార్చుకున్నారు. మార్చుకోకపోయి ఉంటే ఇవాళ మన హెడ్‌లైన్లలో ‘సభను బాయ్‌క్యాట్ చేసిన ప్రతిపక్షం’ అని ఉండేది.

ఆయన చేసిన తప్పేమిటి?

ఆయన భూస్వామి కూడా కాదు, భూస్వామి తరఫు ఏజెంటు. మన పాత జమీందారీల్లో దివాను, పేష్కారు ఉండేవాళ్లే, కౌలు వసూలు చేసి పట్నంలో ఉన్న దొరకు పంపేవాళ్లు, అలాంటి ఉద్యోగం. కొన్నాళ్లు సైన్యంలో పనిచేసి వచ్చాడు కాబట్టి అందరూ కెప్టెన్ అనేవాళ్లు. ఐర్లండ్ పడమటి వైపు మేయో కౌంటీలో, లాఖ్ మాస్క్ అనే పెద్ద సరస్సు పక్కన, లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి ఉన్న భూముల మీద ఈయన పెత్తనం.

1840ల నాటి మహాకరువు ఇంకా జనానికి గుర్తుంది. 1879లో మళ్లీ పంట పోయింది. ఆ అక్టోబరులోనే మైకేల్ డేవిట్, చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్ లాంటి వాళ్లు కలిసి ల్యాండ్ లీగ్ అనే రైతు సంఘం పెట్టారు. 1880లో కౌలుదార్లు కౌలు 25 శాతం తగ్గించమని అడిగారు. లార్డ్ ఎర్న్ 10 శాతానికి ఒప్పుకున్నాడు, అంతకు మించి కుదరదన్నాడు. కౌలు కట్టని 11 కుటుంబాలను భూముల నుంచి బేదఖలు చేయడానికి బాయ్‌కాట్ నోటీసులు తెప్పించాడు.

1880లో లాఖ్ మాస్క్ దగ్గర అసలేం జరిగింది?

ముందు పార్నెల్ ప్రసంగం గురించి చెప్పాలి. 1880 సెప్టెంబరు 19న ఎన్నిస్ అనే ఊళ్లో సభ. సాటి రైతును వెళ్లగొట్టిన భూమిని ఎవడైనా కౌలుకు తీసుకుంటే వాడిని ఏం చేయాలి అని పార్నెల్ అడిగాడు. కాల్చిపారేయాలి అని జనంలోంచి కేకలు. కాదు, అంతకంటే మంచి పద్ధతి, దైవభక్తి ఉన్నవాళ్లు చేయదగిన పద్ధతి ఒకటుంది అన్నాడు. దారిలో కనిపిస్తే పలకరించకండి, కొట్లో కనిపిస్తే పలకరించకండి, సంతలో, చివరికి చర్చిలో కూడా వాడిని ఒంటరిగా వదిలేయండి, పాతకాలంలో కుష్ఠు రోగిని దూరం పెట్టినట్టు పెట్టండి అని చెప్పాడు. గమనించండి, ఆ ప్రసంగంలో బాయ్‌కాట్ ఊసే లేదు. ఆయన చెప్పింది భూమి లాక్కునే సాటి కౌలుదారు గురించి. జనం దాన్ని ఏజెంటు మీద ప్రయోగించారు.

మూడు రోజుల తర్వాత, సెప్టెంబరు 22న, కోర్టు మనిషి పోలీసులను వెంటబెట్టుకుని నోటీసులు ఇవ్వడానికి వచ్చాడు. ఊరి ఆడవాళ్లు మట్టి, పేడ విసిరి తరిమారు. మర్నాడు జనం బాయ్‌కాట్ ఇంటికి వెళ్లి పనివాళ్లందరినీ బయటికి రమ్మన్నారు. అంతే, ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. గుర్రాలకు నాడాలు కొట్టే కమ్మరి రాలేదు. బట్టలుతికే ఆవిడ రాలేదు. ఉత్తరాలు తెచ్చే కుర్రాణ్ణి బెదిరించి ఆపేశారు. పక్కనున్న బాలిన్‌రోబ్ పట్నంలో కొట్లవాళ్లు సరుకు ఇవ్వలేదు. చేతికొచ్చిన పంట చేలోనే ఉంది, కోసే మనిషి లేడు.

అక్టోబరులో ఆయన లండన్ టైమ్స్ పత్రికకు ఉత్తరం రాసి గోడు వెళ్లబోసుకున్నాడు. అది చదివి భూస్వాముల పక్షం వాళ్లు కదిలారు. ఉత్తరాదిన కావన్, మోనఘన్ ప్రాంతాల నుంచి 50 మంది స్వచ్ఛంద కూలీలను పంపారు. ఆ 50 మందికి కాపలాగా వందల సంఖ్యలో సైనికులు, పోలీసులు! నవంబరులో వాన, బురద. ఆ బురదలోనే ఒక పక్క టర్నిప్‌లు, బంగాళాదుంపలు తవ్వుతుంటే ఇంకో పక్క గుర్రపు దళం పహరా.

ఇంతకీ ఎవరు గెలిచారు?

పంట ఇంటికి చేరింది కాబట్టి లెక్కప్రకారం బాయ్‌కాటే గెలిచాడు. ఆ పంట విలువ మహా అయితే 500 పౌండ్లు. దాన్ని కోయించడానికి అయిన ఖర్చు 10,000 పౌండ్లని అప్పటి అంచనా. ఒక్కో టర్నిప్‌కు ప్రభుత్వానికి ఒక షిల్లింగు పడింది అని పార్నెల్ ఎద్దేవా చేశాడు.

నవంబరు 27న ఆయన కుటుంబంతో సహా ఇల్లు వదిలాడు. బండి తోలడానికి ఊళ్లో ఎవరూ రాకపోతే సైన్యం వాళ్ల అంబులెన్సు బండిలో వెళ్లాల్సి వచ్చింది. డబ్లిన్ చేరి హోటల్లో దిగితే, ఆయనను ఉండనిస్తే నిన్ను కూడా ‘బాయ్‌కాట్’ చేస్తాం అని హోటల్ యజమానికి ఉత్తరం వచ్చింది. అంటే రెండు నెలల్లోనే ఆ మనిషి పేరు ఆ మనిషి మీదే క్రియగా ప్రయోగించేంత పాతబడిపోయింది. డిసెంబరు 1న ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు.

పేరును క్రియగా మార్చింది ఎవరు?

జేమ్స్ రెడ్‌పాత్ అనే అమెరికన్ విలేకరి చెప్పిన కథ ఒకటుంది. ఆయన, అక్కడి క్యాథలిక్ ఫాదర్ జాన్ ఓమాలీ కలిసి భోజనం చేస్తున్నారు. రెడ్‌పాత్ ముద్ద ముట్టడం లేదు. ఏమైందని ఫాదర్ అడిగితే, ఒక మాట దొరక్క టెన్షన్ పడుతున్నానన్నాడు. జనం ఒక మనిషిని ఇలా దూరం పెట్టడాన్ని ‘ఆస్ట్రసిజం’ అనొచ్చు కానీ ఆ గ్రీకు మాట ఇక్కడి రైతులకు ఎక్కదు, ఏమందాం? ఫాదర్ నుదురు తట్టుకుని ఆలోచించి, ‘బాయ్‌కాట్ చేయడం’ అంటే ఎలా ఉంటుంది అన్నాడు.

రెడ్‌పాత్ అమెరికా పత్రికకు రాశాడు. నవంబరు కల్లా లండన్ పత్రికల్లోకి ఎక్కింది. తర్వాత ఫ్రెంచి, జర్మన్, రష్యన్, జపనీస్ భాషలు కూడా తమ మాట వెతుక్కోకుండా ఇదే తీసుకుని తమ నోటికి తిప్పుకున్నాయి.

ఫాదర్ ఓమాలీ చేసిన పనిలో నాకు నచ్చేది ఒకటుంది. పండితుల మాట చేతిలో ఉండగా దాన్ని పక్కన పెట్టి, ఊళ్లో అందరికీ తెలిసిన పేరు ఎంచుకున్నాడు. మన పారిభాషిక పదాల కమిటీలకు ఇలాంటి ఫాదర్ ఒకరు ఉంటే బాగుండేది.

అంటే 1880కి ముందు ఈ పద్ధతే లేదా?

మాట లేదు కానీ పద్ధతి ఉంది. 1791లో బానిస వ్యాపారాన్ని రద్దు చేసే బిల్లును బ్రిటిష్ పార్లమెంటు కొట్టేస్తే, కరీబియన్ దీవుల్లో బానిసలు పండించిన చక్కెర మాకొద్దని వేల కుటుంబాలు టీలో పంచదార మానేశాయి. అలా మానేసినవాళ్లు దాదాపు 3 లక్షల మంది అని ఉద్యమకారుడు థామస్ క్లార్క్‌సన్ అంచనా. ఇంట్లో వంట సామాను కొనేది ఆడవాళ్లు కాబట్టి, ఓటు హక్కు లేని వాళ్లకు అదే ఓటయింది. ‘బానిసలు చేయని ఈస్టిండియా చక్కెర’ అని రాసిన చక్కెర గిన్నెలు కూడా తర్వాత వచ్చాయి. మన దేశం నుంచి వెళ్లే చక్కెరకు అదొక ప్రచారం! ఇక్కడి రైతు ఎలా ఉన్నాడో ఆ గిన్నె మీద రాయలేదనుకోండి.

మన ‘వెలి’, ఈ బాయ్‌కాట్ ఒకటేనా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువే కానీ నాకు మిగతా అన్నిటికంటే ఇదే ముఖ్యం.

ముందు ఒక పోలిక. లాఖ్ మాస్క్ గొడవ జరిగింది 1880 నవంబరులో. ఏడాది దాటగానే, 1881 డిసెంబరు 11న, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ పెళ్లితో సంబంధం ఉన్నవాళ్లను వెలి వేశారు. వంటవాళ్లు రావడం మానేశారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు, బంధువులు గడప తొక్కలేదు. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నుంచి నీళ్లు తెచ్చుకున్నారు. భోజనానికి వచ్చినవాళ్లలో కొందరు తర్వాత భయపడి ప్రాయశ్చిత్తం చేయించుకున్నారు.

రెండు ఊళ్లలో జరిగింది చూడండి. కమ్మరి రాకపోవడం, వంటమనిషి రాకపోవడం, కొట్టువాడు ఇవ్వకపోవడం, పలకరించకపోవడం. పనిముట్టు ఒకటే. అక్కడ బక్క రైతులు దొరగారి ఏజెంటు మీద వాడారు. ఇక్కడ ఆచారం పట్టుకున్న పెద్దలు దాన్ని మార్చబోయిన మనిషి మీద వాడారు. అక్కడ కోరింది కౌలు తగ్గించమని, ఇక్కడ కోరింది ఏమీ మార్చవద్దని.

ఇంకో తేడా కూడా ఉంది. బాయ్‌కాట్‌కు ఓడెక్కి వెళ్లిపోవడానికి ఇంగ్లండ్ ఉంది, కాపలాకు సైన్యం వచ్చింది. వీరేశలింగం గారికి చదువు, పేరు, స్నేహితులు ఉన్నారు. కానీ ఊళ్లో దళితుల మీద వెలి పడితే ఇవేవీ ఉండవు. కూలికి పిలవరు, కిరాణా కొట్లో ఉప్పు ఇవ్వరు, ఆటో ఎక్కించుకోరు, నీళ్లు పట్టుకోనివ్వరు. ఇవాళ్టికీ తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ‘సాంఘిక బహిష్కరణ’ అన్న మాట కనిపిస్తే చాలాసార్లు దాని వెనక ఇదే ఉంటుంది. అసలు ‘వెలి’ అంటేనే బయట. ఊరి బయట ఉన్న వాడను ‘వెలివాడ’ అన్నాం. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి పంపేసిన దళిత విద్యార్థులు ఆరుబయట వేసుకున్న గుడారానికి పెట్టుకున్న పేరు అదే.

కాబట్టి జవాబు: చేతలో ఒకటే, దిశలో కాదు. పార్నెల్ కుష్ఠు రోగి పోలిక తెచ్చినప్పుడే ఆ ఆయుధానికి రెండు వైపులా పదునుందని తెలిసిపోతుంది.

మంచి తెలుగు మాట ‘బహిష్కరణ’ ఉండగా బాయ్‌కాట్ ఎందుకు?

ఎందుకంటే బహిష్కరణ ఒక్కటే రెండు పనులు చేస్తోంది. సంస్కృతంలో ‘బహిః’ అన్నా బయట అనే. ‘ఎమ్మెల్యేను బహిష్కరించిన పార్టీ’ అంటే పార్టీ ఆయన్ను బయటికి నెట్టింది. ‘పార్టీ సమావేశాన్ని బహిష్కరించిన ఎమ్మెల్యే’ అంటే ఆయనే వెళ్లలేదు. ఒకటి గెంటేయడం, ఇంకోటి గడప తొక్కకపోవడం. పోలీసులు ‘నగర బహిష్కరణ’ అంటే మనిషిని ఊళ్లో ఉండొద్దనడం. వకీళ్లు ‘విధుల బహిష్కరణ’ అంటే కోర్టుకు వెళ్లకపోవడం. బాయ్‌కాట్ అంటే ఈ తికమక లేదు, అందుకే అది తెలుగులో నిలబడిందని నా అనుమానం.

ఇంకోటి కూడా గుర్తుంచుకోవాలి. బహిష్కృతులు అన్న మాటను బయట పెట్టబడినవాళ్లు తమ పేరుగా తీసుకున్న సందర్భం ఉంది. అంబేడ్కర్ 1924లో పెట్టిన సంస్థ బహిష్కృత హితకారిణీ సభ, 1927లో మొదలుపెట్టిన పత్రిక బహిష్కృత భారత్. ‘బాయ్‌కాట్ చేయబడినవాళ్లు’ అంటే ఆ బరువు రాదు.

ఈ మాట మన దేశానికి ఎప్పుడు వచ్చింది?

పత్రికల్లో ముందే వచ్చినా, జనం నోట పడింది 1905లో. వైస్రాయ్ కర్జన్ బెంగాల్‌ను రెండు ముక్కలు చేయబోతే, కలకత్తాలోని సంజీవని పత్రిక జులైలో బ్రిటిష్ సరుకుల బాయ్‌కాట్‌కు పిలుపునిచ్చింది. ఆగస్టు 7న టౌన్ హాల్ సభలో తీర్మానం చేశారు. ఐర్లండ్ వార్తలు బెంగాలీ చదువుకున్నవాళ్లకు బాగా తెలుసు కాబట్టి పద్ధతితో పాటు పేరు కూడా అక్కడి నుంచే వచ్చింది.

తెలుగు జిల్లాలకు అది వందేమాతరం ఉద్యమంగా వచ్చింది. 1907లో బిపిన్ చంద్రపాల్ కోస్తాలో పర్యటించారు. రాజమండ్రిలో ఆయన ఇంగ్లిష్ ప్రసంగాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగులో చెప్పారు. ఆ ఊపులో ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకు వెళితే, గాడిచర్ల హరిసర్వోత్తమరావును కాలేజీ నుంచి పంపేశారు. చూశారా, విద్యార్థులు సరుకులను బాయ్‌కాట్ చేస్తే కాలేజీ విద్యార్థిని బహిష్కరించింది.

సహాయ నిరాకరణ రోజుల్లో, అంటే 1920 నుంచి, ఇది శాసనసభలకు, కోర్టులకు, సర్కారు బళ్లకు, విదేశీ గుడ్డకు పాకింది. గాంధీకి మాత్రం ఈ మాట మీద మొదట్లో అంత మనసు లేదు. బ్రిటిష్ సరుకుల బాయ్‌కాట్‌లో శిక్షించాలన్న కసి ఉందని, స్వదేశీ వేరని అనేవారు. మనతో ఏకీభవించనివాడికి నీళ్లు, వైద్యం లాంటివి అందకుండా చేయడం తప్పని కూడా రాశారు. 1928లో సైమన్ కమిషన్ వచ్చింది. ఏడుగురు సభ్యుల్లో ఒక్క భారతీయుడూ లేడు. దాని బాయ్‌కాట్ రోజున, ఫిబ్రవరి 3న, మద్రాసులో ప్రకాశం పంతులు పోలీసు తుపాకీ ముందు రొమ్ము చూపించిన సంగతి తెలుగు పిల్లలందరూ పాఠాల్లో చదివిందే.

చీరాల–పేరాల ఉద్యమాన్ని బాయ్‌కాట్ అనొచ్చా?

నన్నడిగితే ఇంతకంటే పెద్ద బాయ్‌కాట్ తెలుగు నేల మీద ఇంకోటి లేదు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేశారు, పన్నులు పెరిగాయి, జనం వద్దన్నారు, ప్రభుత్వం వినలేదు. మునిసిపాలిటీలో ఉంటేనే కదా మునిసిపల్ పన్ను? 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద వేలమంది ఇళ్లకు తాళాలు వేసి ఊరి హద్దు అవతలికి వెళ్లి, పాకలు వేసుకుని, దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండలు, వానలు ఓర్చుకుని దాదాపు 11 నెలలు అక్కడే ఉన్నారు. కొట్టునో సరుకునో కాదు, సొంత ఊరినే బాయ్‌కాట్ చేశారు. గోపాలకృష్ణయ్య అరెస్టయ్యాక, జనం చేతిలో డబ్బూ ఓపికా అయిపోయాక తిరిగొచ్చారు.

సమ్మె, బంద్, హర్తాళ్, పికెటింగ్, ఘెరావ్‌లకూ దీనికీ తేడా?

సమ్మెలో పనివాడు తన పనిని ఆపుతాడు. 2011లో తెలంగాణలో 42 రోజులు నడిచిన సకల జనుల సమ్మె అలాంటిది. స్ట్రైక్ అన్న ఇంగ్లిష్ మాట 1768లో లండన్ ఓడ కళాసీలు తెరచాపలు దించేయడం నుంచి వచ్చింది. బాయ్‌కాట్‌లో కొనేవాడు డబ్బును, ఊరివాడు పలకరింపును ఆపుతాడు. హర్తాళ్ గుజరాతీ మాట, కొట్టువాడు తన కొట్టు తానే మూయడం. బంద్ అంటే అందరి కొట్లూ మూయించడం. ఈ ‘మూయించడం’ వల్లే 1997లో కేరళ హైకోర్టు బంద్‌లు రాజ్యాంగ విరుద్ధమంది, సుప్రీంకోర్టు సమర్థించింది. ఘెరావ్ బెంగాల్ నుంచి వచ్చింది, చుట్టుముట్టి కదలనివ్వకపోవడం.

పికెటింగ్ అంటే దుకాణం ముందు నిలబడి వచ్చేవాళ్లను ఆపడం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని కొందరు బాయ్‌కాట్ అంటారు. నేను ఒప్పుకోను. తాగేవాళ్లు మానలేదు, వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు కొట్లు మూయించారు, వేలం పాటలు ఆపారు. మానేసినవాళ్లు వేరు, మాన్పించినవాళ్లు వేరు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది కాబట్టి పేరు ఏదైనా ఫలితం మాత్రం దక్కింది.

ప్రపంచంలో అన్నిటికంటే పేరుపొందిన బాయ్‌కాట్ ఏది?

అమెరికాలో అలబామా రాష్ట్రం, మాంట్‌గమరీ నగరం. 1955 డిసెంబరు 1న సిటీ బస్సులో తెల్లాయనకు సీటు ఇవ్వలేదని రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళను అరెస్టు చేశారు. ఆ రాత్రికి రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ అధ్యాపకురాలు కూర్చుని వేలకొద్దీ కరపత్రాలు తీశారు. డిసెంబరు 5 నుంచి నల్లవాళ్లు బస్సెక్కడం మానేశారు. బస్సుల్లో నాలుగింట మూడొంతుల మంది వాళ్లే కాబట్టి బస్సులు ఖాళీగా తిరిగాయి.

దీన్ని చెప్పేటప్పుడు ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగాల గురించే చెబుతారు. నాకు మాత్రం కార్ల లెక్క ఆశ్చర్యంగా ఉంటుంది. వందల కార్లతో రోజూ వేలమందిని పనికి చేర్చి ఇంటికి తేవాలి. ఎవరి కారు ఎన్ని గంటలకు ఏ మూల ఆగుతుందో పట్టిక. దొరకనివాళ్లు నడిచారు. ఒకరోజు రెండురోజులు కాదు, 381 రోజులు. అలబామాలో బాయ్‌కాట్‌కు వ్యతిరేకంగా 1921 నాటి చట్టం ఒకటుంటే దాని కింద కింగ్‌ను దోషిగా తేల్చి 500 డాలర్ల జరిమానా వేశారు. చివరికి బస్సుల్లో వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు 1956 నవంబరులో చెప్పింది. ఆ ఉత్తర్వు చేతికొచ్చాక డిసెంబరు 21న మళ్లీ బస్సెక్కారు.

ఇలాంటివి ఒక రోజు కోపంతో నడవవు. బస్సు ఎక్కొద్దని చెప్పడం తేలిక, ఎక్కకుండా ఎలా వెళ్లాలో చెప్పడం కష్టం.

ద్రాక్ష పళ్ల బాయ్‌కాట్ అంటారే, అదేమిటి?

1965లో కాలిఫోర్నియాలోని డెలానోలో తోట కూలీలు సమ్మె చేశారు. ముందు దిగింది ఫిలిప్పీన్స్ కూలీలు, నాయకుడు లారీ ఇట్లియాంగ్. తర్వాత సీజర్ చావెజ్, డొలొరెస్ హ్యుయెర్తాల మెక్సికన్ సంఘం చేరింది. సమ్మెతో పని కాకపోతే దేశమంతా తిరిగి ద్రాక్ష కొనొద్దని గృహిణులను అడిగారు. 1970లో తోటల యజమానులు ఒప్పందాలకు వచ్చారు.

ఆటల్లో బాయ్‌కాట్?

1980 మాస్కో ఒలింపిక్స్‌కు అమెరికా, ఇంకా అరవైకి పైగా దేశాలు వెళ్లలేదు. 1984 లాస్ ఏంజిలిస్‌కు సోవియట్ పక్షం వెళ్లలేదు. మాస్కోలో మనకు హాకీ బంగారు పతకం వచ్చింది. పెద్ద జట్లు చాలా రాలేదన్న గొణుగుడు దాంతోపాటే వచ్చింది.

మన దేశం చేసినది ఒకటి తక్కువగా గుర్తుంది. 1974లో టెన్నిస్ జట్ల పోటీ డేవిస్ కప్ ఫైనల్లో ప్రత్యర్థి దక్షిణాఫ్రికా. వర్ణ వివక్ష దేశంతో ఆడం అని భారత్ ఆ ఫైనల్నే వదులుకుంది, కప్పు వాళ్లకు పోయింది. గెలిచే అవకాశం చేతిలో ఉండగా వదులుకోవడం బాయ్‌కాట్‌లో ఖరీదైన రకం.

దీన్ని చెడ్డగా వాడినవాళ్లు లేరా?

ఉన్నారు. 1933 ఏప్రిల్ 1న జర్మనీలో నాజీలు యూదుల దుకాణాల బాయ్‌కాట్ ప్రకటించారు. యూనిఫాం వేసిన మనుషులు కొట్ల ముందు నిలబడి కొనేవాళ్లను ఆపారు. అధికారంలో ఉన్నవాడు పిలిచే బాయ్‌కాట్‌ను ఆ పేరుతో పిలవాలా అన్నది నాకెప్పుడూ ఉన్న సందేహం. అది వెలివేయడమే.

మన దేశంలో బాయ్‌కాట్ చట్టప్రకారం నేరమా?

వస్తువు కొనకపోవడం నేరం కాదు, ఎవరి డబ్బు వాళ్లది. మనిషిని వెలివేయడం వేరు. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దానికి 2015లో చేసిన సవరణతో ఎస్సీ, ఎస్టీల మీద సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించడం, విధిస్తామని బెదిరించడం కూడా నేరమయ్యాయి. కుల పంచాయతీల వెలి మీద మహారాష్ట్ర 2016లో ప్రత్యేక చట్టమే చేసింది.

వకీళ్ల సంగతి వేరు. కోర్టులను బాయ్‌కాట్ చేసే హక్కు వాళ్లకు లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో చెప్పింది. ఆ కేసు వేసినాయన కూడా సైన్యంలో పనిచేసిన మాజీ కెప్టెనే, కాకతాళీయం. తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా ‘విధుల బహిష్కరణ’ వార్తలు ఆగలేదు.

ఎన్నికల బహిష్కరణ, నోటా ఒకటేనా?

కాదు. ‘రోడ్డు వేయకపోతే ఓటు వేయం’ అని ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టి బూత్‌కు వెళ్లకపోవడం బహిష్కరణ. బూత్‌కు వెళ్లి వీళ్లెవరూ వద్దని నొక్కడం నోటా, 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. ఖాళీ బూత్ అధికారులను పరిగెత్తిస్తుంది. తహసీల్దారు జీపు మధ్యాహ్నానికి ఊళ్లోకి వచ్చేస్తుంది. నోటా అంకె మాత్రం ఫలితాల పట్టికలో చివరి వరసలో ఉండిపోతుంది.

సోషల్ మీడియాలో రోజూ కనిపించే ‘బాయ్‌కాట్’ ట్రెండ్‌లు?

హ్యాష్‌ట్యాగ్ పెట్టడం చెప్పడం మాత్రమే, చేయడం కాదు. సినిమా బాయ్‌కాట్ అని పోస్టు పెట్టినవాళ్లలో ఎంతమంది అసలు టికెట్ కొనేవాళ్లు? ముందు నుంచీ కొననివాడు కొనను అంటే అవతలివాడికి నష్టం లేదు. లాఖ్ మాస్క్ కమ్మరి రోజూ వచ్చే కమ్మరి. అందుకే ఆయన రాకపోవడం తెలిసింది.

తెలుగులో ఎలా రాయాలి?

బాయ్‌కాట్, బాయ్ కాట్, బాయ్కాట్ మూడూ కనిపిస్తాయి. మొదటిది చదవడానికి హాయి. ఒంటరిగా నిలిచే క్రియ కాదు కాబట్టి ‘బాయ్‌కాట్ చేయడం’ అనాలి. దేనిని చేశారో చెప్పాలి: సభను బాయ్‌కాట్ చేశారు. మనిషి మీద అయితే వెలి వేశారు అని రాయడమే నిజాయితీ, అక్కడ ఇంగ్లిష్ మాట వాడితే జరిగింది ఏదో సభ్యంగా కనిపిస్తుంది.

తర్వాత ఆ కెప్టెన్ ఏమయ్యాడు?

1881లో కుటుంబంతో అమెరికా చూడటానికి వెళ్లాడు. ఓడ మీద పేరు చార్లెస్ కన్నింగ్‌హామ్ అని రాయించుకున్నాడు. ఇంటిపేరు అప్పటికే చేయిదాటిపోయింది. ఆశ్చర్యం ఏమిటంటే ఆ ఏడాదే మళ్లీ లాఖ్ మాస్క్‌కు తిరిగొచ్చాడు. మొదట్లో జనం కోపంగానే ఉన్నా మెల్లగా చల్లబడ్డారు. 1886లో ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో ఫ్లిక్స్‌టన్ అనే చోట మళ్లీ ఎస్టేటు ఏజెంటు ఉద్యోగంలో చేరాడు. గుర్రప్పందేల పిచ్చి చివరిదాకా పోలేదు. 1897 జూన్‌లో 65వ ఏట చనిపోతే, పుట్టిన ఊరు బర్గ్ సెయింట్ పీటర్ చర్చి ఆవరణలో పాతిపెట్టారు.